దరిలో శ్రద్ధ.. కడలిలో భద్రత

* అవుట్‌బోర్డు ఇంజిన్ల సంరక్షణకు వేట నిషేధకాలమే అదను
* ప్రతి వేట తరువాత మంచినీటితో కడగడం తప్పనిసరి
* ఆయిల్ కొలత తప్పితే పిస్టన్‌కు ముప్పు
* వేగం కోసం కార్బొరేటర్ తిప్పడం ప్రమాదకరం

ఉప్పాడ (కొత్తపల్లి): తీరం కనుమరుగైన చోట పడవ ఇంజిను ఒక్కసారిగా మూగబోతే, అందులోని నలుగురైదుగురి ప్రాణాలు గాలి వాలుకూ నీటి ఒరవడికీ అధీనమవుతాయి. వేట పోతుంది, వల పోతుంది. వాతావరణం మారితే మనుషులే తిరిగిరాని పరిస్థితి ఏర్పడుతుంది. అయితే అలా ఆగిన ఇంజిన్లలో అధికభాగం ఉన్నట్టుండి ఆగినవి కావు. వారాల ముందు నుంచే అవి ఏదో ఒక రూపంలో హెచ్చరిస్తూ ఉంటాయి. పల్చబడిన నీటిధార, పాలరంగుకు తిరిగిన గేరు ఆయిల్, మసిబారిన ప్లగ్ వంటివన్నీ ఆ హెచ్చరికలే. వాటిని ఒడ్డుననే గుర్తిస్తే కడలిలో కష్టం తప్పుతుంది.

తూర్పు తీరంలో చేపల సంతానోత్పత్తి కోసం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మర, మోటారు పడవల వేటపై నిషేధం అమలవుతుంది. ఈ రెండు నెలల్లో మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటారు, పడవలకు రంగులు వేసుకుంటారు. ఇంజిను మాత్రం టార్పాలిన్ కప్పుకొని ఇంటి మూలనో, షెడ్డులోనో పడి ఉంటుంది. నిషేధం ముగిసే ముందురోజు తాడు లాగినప్పుడు గానీ దాని పరిస్థితి ఏమిటో తెలియదు. ఇంజిను పనిచేసేటప్పుడే కాదు, పనిలేకుండా ఉన్నప్పుడూ చెడుతుందన్న సంగతి చాలామంది గమనించడం లేదు.

ఇదీ నిర్మాణం

ఫైబర్ పడవల్లో కొన్నింటికి డీజిలు ఇంజిన్లు ఉండగా, మరికొన్నింటికి పడవ వెనుక భాగమైన అమరానికి బిగించే అవుట్‌బోర్డు ఇంజిన్లు ఉంటాయి. చిన్న పడవల్లో 9.9 అశ్వశక్తి ఇంజిన్లు సర్వసాధారణం. పైన సిలిండరు, కార్బొరేటర్, ప్లగ్ ఉండే తలభాగం, మధ్యలో పొడవాటి కాలు, అడుగున గేర్లు, ప్రొపెల్లరు ఉండే పెట్టె.. ఇవే ఇంజినులోని మూడు ప్రధాన భాగాలు.

ఇంజినును చల్లబరిచేది సముద్రపు నీరే. కాలు అడుగున ఉండే రంధ్రాల గుండా పంపు నీటిని పీల్చి, సిలిండరు చుట్టూ తిప్పి తిరిగి బయటికి పంపుతుంది. మోటారు సైకిల్‌కు గాలి చేసే పనిని ఇక్కడ ఉప్పునీరు చేస్తుంది. ఇంజినుకు ప్రాణం పోసేది, దానిని తినివేసేది ఆ నీరే కావడం గమనార్హం.

ఉప్పే తొలి శత్రువు

వేట ముగించుకొని పడవను ఒడ్డుకు లాగిన తరువాత కూడా ఇంజిను లోపలి గొట్టాలలో ఉప్పునీరు నిలిచి ఉంటుంది. నీరు ఆవిరైపోతే ఉప్పు గడ్డకడుతుంది. ఆ పొరలు పేరుకునేకొద్దీ నీటిదారి సన్నబడి, ఇంజిను వేడెక్కుతుంది. దీనికి విరుగుడు అయిదు నుంచి పది నిమిషాల పని మాత్రమే.

ఇంజినును నిలువుగా డ్రమ్ముకు బిగించి, ప్రొపెల్లరును తీసివేసి, మంచినీటిలో తక్కువ వేగంతో నడపాలి. ప్రొపెల్లరుకు పైన అడ్డంగా ఉండే పలుచని రేకు మునిగేంత వరకు నీరు ఉండాలి. పొగ విషపూరితం గనుక ఈ పని ఆరుబయటే చేయాలి. అనంతరం ఇంజినును కొంతసేపు నిలువుగానే ఉంచితే లోపలి నీరంతా కారిపోతుంది. వెంటనే పక్కకు పడుకోబెడితే మిగిలిన నీరు సిలిండరులోకి చేరే ప్రమాదం ఉంది. పైభాగాలను తడిగుడ్డతో తుడిచి, కదిలే కీళ్లకు నీటికి కరగని గ్రీజు రాయాలి.

ఇంజిను కాలికి బిగించి ఉండే చిన్న జింకు ముక్కనూ పరిశీలించాలి. ఉప్పునీటిలో లోహాలను తినివేసే రసాయన చర్యకు ఈ ముక్క ముందుగా బలై, ఖరీదైన అల్యూమినియం భాగాలను కాపాడుతుంది. అది సగం కరిగిపోతే కొత్తది వేయాలి. అందం కోసం దానిపై రంగు పూస్తే మాత్రం అది పనిచేయడం మానేస్తుంది.

నీటిధార చెప్పే సంగతి

ఇంజిను నడుస్తున్నంతసేపు వెనుకవైపు చిన్న రంధ్రం నుంచి నీరు చిమ్ముతూ ఉంటుంది. చల్లబరిచే వ్యవస్థ ఆరోగ్యానికి ఇదే నాడి. ఇంజిను స్టార్టు చేసిన వెంటనే చూడవలసింది ఈ ధారనే. ధార పలచబడినా, ఆగిపోయినా ఇంజినును తక్షణం ఆపాలి. మొదట ఆ రంధ్రంలోనే ఇసుక గానీ ఉప్పు గానీ అడ్డుపడిందేమో సన్నని తీగతో శుభ్రపరచి చూడాలి. నీరు పీల్చే రంధ్రాలకు ప్లాస్టిక్ సంచి చుట్టుకున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది.

అవి శుభ్రంగా ఉన్నా ధార బలహీనంగా ఉంటే లోపం పంపులోని ఇంపెల్లరుది కావచ్చు. ఇది రబ్బరు రెక్కల చిన్న చక్రం. నీరే దానికి కందెన. ఒడ్డున 'ఒక్కసారి స్టార్టు చేసి చూద్దాం' అని నీరు లేకుండా తిప్పితే కొద్ది సెకన్లలోనే ఆ రెక్కలు రాపిడికి కాలిపోవడం మొదలవుతుంది. మన తీరంలో పడవలను ఇసుక మీదికే లాగవలసి ఉన్నందున, లోతులేని నీటిలో ఇంజిను నడిపిన ప్రతిసారీ ఇసుక రేణువులు పంపులోకి చేరి రెక్కలను అరగదీస్తాయి. అందుకే నిత్యం వేటాడే పడవలకు ఏటా నిషేధకాలంలో ఇంపెల్లరును మార్చడం మేలు. పాత ఇంపెల్లరు రెక్క విరిగి ఉంటే ఆ ముక్కను వెతికి తీయాలి. లేకుంటే అది నీటిదారిలో అడ్డుపడి కొత్త ఇంపెల్లరు వేసినా ఫలితం ఉండదు. ఉప్పు పట్టి మూసుకుపోయిన థర్మోస్టాట్ కూడా ఇంజినును వేడెక్కించగలదు.

ఆయిల్ కొలతలోనే ఆయువు

టూ-స్ట్రోక్ ఇంజినుకు వేరుగా ఆయిల్ తొట్టి ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌కూ బేరింగులకూ కందెన. పలు ఇంజిన్లకు 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ సరిపోతుంది. అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. 24 లీటర్ల ట్యాంకుకు 480 మిల్లీలీటర్లు. కొత్త ఇంజినుకు మొదటి పది గంటల వరకు రెట్టింపు ఆయిల్ కలపాలని పలు కంపెనీలు నిర్దేశిస్తున్నాయి. మోడల్‌ను బట్టి ఈ కొలతలు మారుతాయి గనుక ఇంజినుతో వచ్చిన పుస్తకాన్ని అనుసరించడం శ్రేయస్కరం.

కంటికొలతగా సీసాతో వంపడం వల్ల రెండు విధాలా నష్టమే. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్ మసిబారుతుంది, పొగ పెరుగుతుంది. తక్కువైతే పిస్టన్ సిలిండరుకు పట్టేస్తుంది. ద్విచక్ర వాహనాల ఆయిల్‌ను పడవ ఇంజిన్లకు వాడటం మరో పొరపాటు. గాలితో చల్లబడే ఇంజిన్ల కోసం తయారైన ఆయిల్ వేరు, నీటితో చల్లబడే వాటి ఆయిల్ వేరు. డబ్బాపై 'టీసీ-డబ్ల్యూ3' అన్న గుర్తు ఉన్నదే అవుట్‌బోర్డు టూ-స్ట్రోక్ ఇంజిన్లకు తగినది. ట్యాంకులో సగం పెట్రోలు పోసి, కొలిచిన ఆయిల్ కలిపి బాగా కుదిపి, మిగతా పెట్రోలు పోస్తే మిశ్రమం చక్కగా కలుస్తుంది.

ఫోర్-స్ట్రోక్ ఇంజిన్లలో పెట్రోలుకు ఆయిల్ కలపరాదు. వాటికి ఆయిల్ వేరుగా ఉంటుంది. ప్రతి వేటకు ముందు కడ్డీతో దాని మట్టం చూడాలి. కొత్త ఇంజినుకు తొలిసారి త్వరగా, ఆపై సాధారణంగా వంద గంటలకొకసారి ఆయిల్ మార్చాలి.

ఇథనాల్ పెట్రోలుతో జాగ్రత్త

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు విక్రయాలు 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతటా విస్తరించాయి. అవుట్‌బోర్డు ఇంజిన్ల తయారీదారులు పలువురు తమ పుస్తకాలలో ఇథనాల్ పరిమితిని 10 శాతంగానే పేర్కొన్నారు. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. సముద్రతీరపు తేమగాలిలో, సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో ఇది మరింత వేగంగా జరుగుతుంది. నీటి పరిమాణం హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడివడి ట్యాంకు అడుగుకు చేరతాయి. గొట్టం పీల్చేది ఆ అడుగుభాగం నుంచే. టూ-స్ట్రోక్ ఇంజినులో ఆ పొరతోపాటు కందెన రాదు గనుక పిస్టన్‌కు ముప్పు ఏర్పడుతుంది. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు కూడా మెత్తబడి పగులుతాయి.

పంపులో దొరికే పెట్రోలును మార్చుకునే వీలు మత్స్యకారులకు లేదు. చేయగలిగినదల్లా జాగ్రత్తపడటమే. అవసరమైనంత పెట్రోలే కొనాలి. ఆయిల్ కలిపినదానిని వారాల తరబడి నిల్వ ఉంచరాదు. ట్యాంకుకూ ఇంజినుకూ మధ్య నీటిని వేరుచేసే ఫిల్టరు అమర్చుకుంటే అందులో చేరిన నీరు కంటికి కనిపిస్తుంది. నిషేధకాలానికి ముందు ట్యాంకును ఖాళీ చేసి, కార్బొరేటర్ గిన్నె అడుగున ఉండే స్క్రూ విప్పి పెట్రోలును పూర్తిగా తీసివేయాలి. లేకుంటే అది జిగురుగా మారి సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. జూన్‌లో ఇంజిన్లు మొరాయించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

గేరు ఆయిల్ రంగు చూడండి

అడుగు పెట్టెలోని గేరు ఆయిల్‌ను కనీసం ఏటా రెండుసార్లు మార్చడం అవసరం. అడుగు స్క్రూ, ఆ తరువాత పై స్క్రూ విప్పితే ఆయిల్ కారుతుంది. అది పాలు కలిసినట్లు తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరుతున్నట్లే. సీలు మార్చకుండా కొత్త ఆయిల్ పోయడం వృథా. లోహపు రజను కనిపిస్తే గేర్లు అరుగుతున్నాయని అర్థం. ఆయిల్‌ను పై రంధ్రం నుంచి కాక, అడుగు రంధ్రం నుంచి ఎక్కించాలి. అప్పుడే లోపలి గాలి బయటికి పోతుంది. పై రంధ్రం నుంచి ఆయిల్ పొంగిన తరువాత ముందు పై స్క్రూ, ఆపై అడుగు స్క్రూ బిగించాలి. స్క్రూల కింది వాషర్లు కొత్తవి వేయాలి.

సీలు చెడటానికి వేట పరికరమే కారణం కావడం విచిత్రం. తెగిన నైలాను వల దారం ప్రొపెల్లరు వెనుక ఇరుసుకు చుట్టుకొని, వేడికి కరిగి, సీలును కోసేస్తుంది. వారానికి ఒకసారి ప్రొపెల్లరును ఊడదీసి దారాలు తీసివేసి, ఇరుసుకు గ్రీజు రాస్తే ఈ నష్టం తప్పుతుంది.

ప్లగ్ చెప్పే జాతకం

ఇంజినును మంచి వేగంతో నడిపి ఆపిన వెంటనే ప్లగ్ తీసి చూస్తే లోపలి స్థితి తెలుస్తుంది. ప్లగ్ మొన లేత గోధుమ రంగులో ఉంటే మంట సక్రమం. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలు గానీ ఆయిల్ గానీ ఎక్కువవుతోంది, లేదా నిప్పురవ్వ బలహీనంగా ఉంది. సున్నంలా తెల్లబారితే ఇంజిను అతిగా వేడెక్కుతోంది, లేదా పెట్రోలు చాలడం లేదు. మూడింటిలో అత్యంత ప్రమాదకరమైనది ఈ తెలుపే. ప్లగ్ మొనల మధ్య సందు పుస్తకంలో చెప్పినంతే ఉండాలి. ఫీలర్ గేజితో దానిని కొలవాలి. ఒకే కొలత గల ప్లగ్‌లలోనూ వేడిని తట్టుకునే శక్తి వేరువేరుగా ఉంటుంది. కాబట్టి దుకాణంలో దొరికిందల్లా బిగించకుండా అదే నంబరు గల ప్లగ్‌ను వాడాలి.

ట్యూనింగ్ అంటే వేగం పెంచడం కాదు

వేగం తగ్గిందనగానే కార్బొరేటర్ స్క్రూలు తిప్పడం తీరంలో అలవాటుగా మారింది. నిజానికి ఆ స్క్రూలు ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పటి మిశ్రమాన్నే సరిచేస్తాయి. పూర్తి వేగంలో పెట్రోలును కొలిచి ఇచ్చేది మెయిన్ జెట్ అనే ఇత్తడి రంధ్రం. దానిని తీగతో పొడిచి పెద్దదిచేసినా, మైలేజీ కోసం చిన్న జెట్టు వేసినా కొలత గతి తప్పుతుంది. టూ-స్ట్రోక్ ఇంజినులో పెట్రోలు తగ్గితే దానితోపాటు వచ్చే ఆయిల్ కూడా తగ్గుతుంది. లీటరు పెట్రోలు మిగులుతుందనుకుంటే పిస్టనే పోతుంది.

నెమ్మది వేగాన్ని సరిచేయదలచినవారు ముందుగా ప్లగ్, ఫిల్టరు శుభ్రంగా ఉన్నాయని నిర్ధారించుకోవాలి. నీటిలో ఇంజినును వేడెక్కేవరకు నడపాలి. మిశ్రమపు స్క్రూను పావు చుట్టు చొప్పున మెల్లగా తిప్పుతూ, ఇంజిను నిలకడగా, కాస్త చురుకుగా తిరిగే స్థానం వద్ద ఆపాలి. ఆ తరువాతే వేగపు స్క్రూతో పుస్తకంలో చెప్పిన చుట్లకు తేవాలి. చివరగా గేరు వేసి, ఒక్కసారిగా వేగం పెంచి చూడాలి. ఇంజిను తడబడకుండా అందుకుంటే అమరిక సరిపోయినట్లే. తడబడితే మిశ్రమంలో పెట్రోలు పాలు స్వల్పంగా పెంచాలి.

పూర్తి వేగం లోపించినప్పుడు చూడవలసింది ప్రొపెల్లరును. రెక్క అంచు వంగినా, గీతలుపడి చిరిగినా వేగం పడిపోతుంది, అదురు పెరుగుతుంది. ప్లగ్ తీగకు చుట్టే చిన్న టాకోమీటరుతో, మామూలు బరువు వేసుకొని పూర్తి వేగంలో చుట్లు కొలవాలి. కంపెనీ చెప్పిన పరిధికి అవి చేరకపోతే ప్రొపెల్లరు పిచ్ ఎక్కువైనట్లు. వలలు, ఐసు, మనుషులతో బరువెక్కే వేట పడవకు తక్కువ పిచ్ ప్రొపెల్లరే అనుకూలం. పిచ్ ఒక అంగుళం తగ్గితే నిమిషానికి సుమారు 200 చుట్లు పెరుగుతాయి. చుట్లు పరిధి దాటితే మాత్రం పిచ్ పెంచాలి.

ఇంజిను ఎత్తు కూడా ముఖ్యమే. ప్రొపెల్లరుపై ఉండే అడ్డరేకు పడవ అడుగుకు సమానంగా గానీ, అంగుళం వరకు కిందికి గానీ ఉండాలి. మరీ కిందికి ఉంటే నీరు అడ్డుకొని వేగం తగ్గుతుంది. మరీ పైకి ఉంటే ప్రొపెల్లరు గాలిని పీల్చి ఇంజిను వృథాగా గింగిరాలు తిరుగుతుంది. అదురుకు బిగింపు స్క్రూలు వదులవుతాయి గనుక ప్రతి ప్రయాణానికి ముందు వాటిని బిగించి, ఇంజినును పడవకు గట్టి తాడుతో కట్టి ఉంచాలి.

ఇంజిను మునిగితే..

ఒడ్డున విరిగే కెరటాలలో పడవ తిరగబడి ఇంజిను మునగడం మన తీరంలో అరుదైన విషయం కాదు. అప్పుడు ప్రతి గంటా విలువైనదే. నీటిలో ఉన్నదానికన్నా బయటికి తీసి గాలి తగిలిన తరువాతే తుప్పు వేగంగా పడుతుంది. తీసిన వెంటనే మూత విప్పి మంచినీటితో కడగాలి. ప్లగ్‌లు తీసి, ఇంజినును వంచి, తాడు మెల్లగా లాగుతూ లోపలి నీటిని బయటికి పంపాలి. కార్బొరేటర్‌ను, గొట్టాలను ఖాళీ చేసి, సిలిండరులోకి కొద్దిగా ఆయిల్ పోయాలి. ఆ తరువాత తాజా పెట్రోలుతో స్టార్టు చేసి, మంచినీటిలో అరగంటైనా నడిపితే లోపలి తేమ పోతుంది.

లోపల ఇసుక గరగరమన్నా, తాడు బిగుసుకున్నా బలవంతంగా లాగరాదు. నడుస్తుండగా మునిగిన ఇంజినులో కనెక్టింగ్ రాడ్ వంగి ఉండవచ్చు. అటువంటి ఇంజినును వెంటనే మెకానిక్ వద్దకు చేర్చాలి. ఆలస్యమయ్యేటట్లయితే మంచినీటి డ్రమ్ములో ముంచి ఉంచడమే మేలు.

నడిసంద్రంలో ఆగితే..

మొదటి పని లంగరు వేయడం. పడవ కొట్టుకుపోకుండా ఉంటే ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. తరువాత వరుసగా చూడాలి. అత్యవసరంగా ఇంజినును ఆపే తాడు క్లిప్పు ఊడిందా? ట్యాంకు మూతపై గాలి స్క్రూ మూసుకుపోయిందా? ఇది మూసి ఉంటే ఇంజిను కొంతసేపు చక్కగా నడిచి, పెట్రోలు అందక ఆగుతుంది. గొట్టానికున్న రబ్బరు బల్బు నొక్కితే గట్టిపడుతోందా? గట్టిపడకపోతే గొట్టంలో గాలి చొరబడుతోంది, లేదా ట్యాంకు ఖాళీ అయింది. ఫిల్టరులో నీరు ఉందా? ప్లగ్ తడిసిందా? ఈ అయిదూ చూసేందుకు పది నిమిషాలకు మించి పట్టదు.

పడవలో రెండు కొత్త ప్లగ్‌లు, ప్లగ్ పానా, స్టార్టరు తాడు, ప్రొపెల్లరు పిన్నులు, ఫిల్టరు, కటింగ్ ప్లయర్, తెడ్లు తప్పక ఉండాలి. లైఫ్ జాకెట్లు వేసుకునే పనిచేయాలి. పెట్రోలు ఆవిరి పడవ అడుగున నిలిచి ఉండగా బీడీ వెలిగించరాదు. మరమ్మతు సాధ్యం కాదనుకుంటే సిగ్నల్ ఉన్నచోట కోస్టుగార్డు నంబరు 1554కు గానీ, తీరగస్తీ పోలీసుల నంబరు 1093కు గానీ ఫోను చేయాలి.

చిన్న పుస్తకం.. పెద్ద మేలు

ఇంజిను ఎన్ని గంటలు నడిచింది, గేరు ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఇంపెల్లరు ఏ తేదీన వేశారు అన్నవి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే మరుసటి పని ఎప్పుడన్నది గుర్తుపెట్టుకునే బాధ ఉండదు. మత్స్యకార కుటుంబాల యువకులు ఈ విద్యను వృత్తిగానూ మలచుకోవచ్చు. విశాఖపట్నంలోని కేంద్ర మత్స్య నౌకా ఇంజినీరింగ్ శిక్షణ సంస్థ, సిఫ్‌నెట్, పడవ యంత్రాల మరమ్మతు పనికి ఉపకరించే మెరైన్ ఫిట్టర్ కోర్సును నిర్వహిస్తోంది.

ఇంపెల్లరు, ప్లగ్, గేరు ఆయిల్, ఫిల్టరు.. ఇవన్నీ కలిపినా పట్టేసిన పిస్టన్ బాగుచేసే ఖర్చులో కొద్దిపాటే. నిషేధకాలపు 61 రోజులలో రెండు రోజులు ఇంజినుకు కేటాయిస్తే చాలు. వలను చేతితో తడిమి తెగిన కన్నును పట్టే మత్స్యకారుడికి, ఇంజిను చప్పుడులో తేడాను, నీటిధారలో సన్నదనాన్ని పట్టడం కష్టమేమీ కాదు. చూడాలన్న పట్టింపు ఉంటే చాలు, పడవ వెళ్లిన దారినే తిరిగి వస్తుంది.